అత్తయ్య శుక్రవారాలు

మా అత్తయ్యకు పొద్దున ఏడింటికి ఇరవై రెండు యూనిట్ల ఇన్సులిన్ వెయ్యడం నా పని. ఏడున్నరకల్లా టిఫిన్ తినడం ఆవిడ పని. సూది పడ్డాక తినకపోతే షుగర్ పడిపోతుంది, మనిషి పోయినా పోతుంది. పామర్రు డాక్టరుగారు ఈ మాట నాకు ఒకటికి పదిసార్లు చెప్పారు. నేను బీఎస్సీ చదివి, పెళ్ళికి ముందు విజయవాడలో ఒక ల్యాబ్‌లో రెండేళ్ళు పనిచేసినదాన్ని కాబట్టి, నాకు పదిసార్లు చెప్పడమేమిటని కాస్త చిరాకు కూడా పడ్డాను. మా ఊళ్ళో నా అంత జాగ్రత్త మనిషి లేదని అప్పట్లో నా గట్టి నమ్మకం.

శివరాత్రి వెళ్ళిన మూడో రోజు, బుధవారం. మినుము తీతలు అప్పుడే మొదలయ్యాయి. మా ఆయన పవన్‌కుమార్‌కు పామర్రులో ఎరువుల కొట్టు ఉంది. ఆ సాయంత్రం కొట్టునుంచి పెందరాళే వచ్చి వరండాలో టీ తాగుతున్నాడు. అత్తయ్య గేటు తీసుకుని లోపలికొచ్చింది. నుదుటి మీద విభూది.

"శివాలయానికెళ్ళావా అమ్మా? మంచి పని చేశావు. నాన్న పోయినకాడ్నించి గుడి మొహమే చూట్టం మానేశావు" అన్నాడు పవన్.

అత్తయ్య "ఊఁ" అని లోపలికి వెళ్ళిపోయింది. నేను చూశాను. అది అడ్డంగా మూడు గీతలు పెట్టే విభూది కాదు. ఒకటి నిలువు, ఒకటి అడ్డం. పైటచెంగుతో తుడవబోతే చెరిగి మసిలా అలుక్కుపోయింది. నాతో ల్యాబ్‌లో పనిచేసిన వినీల ఏడాదికోసారి ఇలాగే వచ్చేది. విభూది బుధవారం, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలం ఇవాళ మొదలని చెప్పేది. కాలవ అవతల పేటలో ఉన్న ఆర్‌సీఎం చర్చికి వెళ్ళొచ్చింది అత్తయ్య. తీసుకెళ్ళేది ఎవరో కూడా నాకు తెలుసు. మా ఇంట్లో అంట్లు తోమే శౌరమ్మ.

నోరు మూసుకుని ఊరుకుంటే పోయేది. అబద్ధం అంటే ఒళ్ళుమంట నాకు అని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఈ ఇంట్లో ఆవిడకి సూది వేసేది నేను, పాదాలకు మందు రాసేది నేను, మనసులో మాట చెప్పుకునేది మాత్రం శౌరమ్మతో. అదీ నా కడుపుమంట. రాత్రి అన్నాల దగ్గర అనేశాను.

"అది శివాలయం విభూది కాదండీ."

పవన్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఎప్పట్నించి?" అనడిగాడు తల్లిని.

"నాన్న సంవత్సరీకం అయినకాడ్నించిరా. శౌరమ్మతో వెళ్తున్నా. అక్కడ కాసేపు కూర్చుంటే మనసు కుదురుగా ఉంటంది. నేనేం మతం మార్చుకోలేదు."

"ఆ పేటలోకెళ్ళి చాప మీద కూర్చుంటున్నావా? మన ఇంటి మనిషివి?"

"చాపైతే ఏంరా, శుభ్రంగానే ఉంటంది."

పవన్ లేచి చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ పూట తినలేదు. మర్నాడు పొద్దున కూడా తినకుండానే కొట్టుకు వెళ్ళాడు. మధ్యాహ్నం పవన్ ఇంటికొచ్చేసరికి పక్కింటి రాఘవ బావగారు వచ్చి కూర్చున్నారు. మా ఆయన పెదనాన్నగారి అబ్బాయి ఆయన, ఊళ్ళో నాలుగు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపు నడుపుతారు. ఆ గ్రూపులో ఏది వచ్చినా నిజమేననుకునేవాళ్ళు మూడు వందల తొంభై మంది, మా ఆయనతో కలిపి.

"వాళ్ళు ముందు మంచిమాటలే చెబుతారు పిన్నీ. తర్వాత మందులు మానేయమంటారు, ప్రార్థన చేస్తే తగ్గిపోద్దంటారు. ఆనక కన్నకొడుకునే వదిలెయ్యమంటారు. వాళ్ళ పుస్తకంలోనే ఉంది" అన్నారు.

"అక్కడెవరూ నాకు అట్లా చెప్పలేదు నాయనా" అంది అత్తయ్య.

పవన్ తల్లి ముందు గొంతుక్కూర్చుని, ఆవిడ చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. "ఆ గడప తొక్కనని నామీద ఒట్టెయ్యి. అప్పుడు తింటాను" అన్నాడు. "తొక్కను. లేచి అన్నం తిను" అంది. నేను వడ్డించాను. కడుపునిండా తిన్నాడు. గెలిచినట్టే ఉంది మా ఇద్దరికీ.

ఆ తర్వాత అత్తయ్య మాట తప్పలేదు. కాలవ వంతెన దాకా కూడా వెళ్ళలేదు. మొహం మాడ్చుకుంటుందేమోనని భయపడ్డాను గానీ అదీ లేదు. శుక్రవారం వస్తే మరీ హుషారు. పొద్దున్నే స్నానం చేసి, తలకి కొబ్బరినూనె రాసుకుని నున్నగా దువ్వుకుని, మొహానికి పౌడరు కూడా అద్దుకునేది. శుక్రవారం కదా, ఇంట్లో పెద్దావిడ కళగా ఉండాలని మళ్ళీ బుద్ధి పుట్టిందనుకున్నాను. నేను సూది వేసి ఇడ్లీలో అట్టో పెట్టిస్తే, "ఇక్కడ ఉక్కగా ఉందే" అంటూ పళ్ళెం పట్టుకుని పెరటి వసారాలోకి వెళ్ళేది. కాసేపటికి కడిగిన పళ్ళెం గట్టు మీద బోర్లించి ఉండేది. "తిన్నారా అత్తయ్యా?" అంటే "ఆఁ, అయింది" అనేది.

మూడో వారంలో ఒకరోజు తొమ్మిదిన్నరప్పుడు బట్టలు మడత పెడుతూ ఆవిడ వేళ్ళు వణకడం చూశాను. జాకెట్టు వీపంతా తడిసిపోయింది. మీటరుతో గుచ్చి చూస్తే యాభై ఎనిమిది. నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి నోటి దగ్గర పెట్టాను.

"వద్దులే భానూ, కాసేపు పడుకుంటే అదే సర్దుకుంటది."

"పడుకుంటే లేవరు. తాగండి ముందు."

ఆవిడ గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది. నేను కదలనని తెలిసి తాగింది. తాగుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నీరసానికి అనుకున్నాను.

అప్పట్నుంచి నాకు మనశ్శాంతి లేదు. మరుసటి వారం మళ్ళీ అరవై రెండు. డాక్టరుగారికి ఫోన్ చేస్తే డోసు ఇరవైకి తగ్గించమన్నారు. మీటరు తప్పు చూపిస్తోందేమోనని కొత్తది కొన్నాను. సిరంజి గీతల్లో తేడా ఉందేమోనని సిరంజిలు మార్చాను. ఐదో వారంలో యాభై ఒకటి. కిడ్నీలు దెబ్బతింటే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలబడి ఇలా అవుతుందని డాక్టరుగారు అన్నారు. పరీక్షలు చేయించమన్నారు. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. స్నానాల గదిలో చెంబు చప్పుడు ఆగితే తలుపు కొట్టేదాన్ని. మిరపకాయలకు డాబా ఎక్కితే వెనకే ఎక్కేదాన్ని. పుస్తకంలో తేదీ వేసి, అంకె వేసి, మళ్ళీ మళ్ళీ చూసుకునేదాన్ని. తేదీలే రాశాను. పక్కన వారం పేరు రాసుకుని ఉంటే పదేళ్ళ పిల్లకి కూడా అర్థమయ్యేది.

కిడ్నీ రిపోర్టులు బాగానే వచ్చాయి. మరి ఎందుకు పడిపోతోంది? విజయవాడలో పెద్ద డాక్టరుకు చూపిద్దామని ఆరో శుక్రవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ముందు రిపోర్టులు చాలు, తర్వాత పేషెంటును తీసుకురావచ్చన్నారు. పవన్‌కు కూడా అక్కడేదో డీలర్ల మీటింగు ఉంది. ఇద్దరం కారులో బయల్దేరాం. బయల్దేరే ముందు సూది వేశాను. మూడు ఇడ్లీలు, అల్లప్పచ్చడి పళ్ళెంలో పెట్టి ఎదురుగా ఉంచాను. "నేను తింటాగా, మీకు ఆలస్యమవుతది, వెళ్ళండి" అంది అత్తయ్య. తల నున్నగా దువ్వుకుని గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది.

పదిన్నరకు, డాక్టరు గది బయట కుర్చీలో ఉండగా, శౌరమ్మ ఫోన్ చేసింది.

"అమ్మగారు పలకట్లేదండి. నోట్లోంచి నురగ వస్తంది. ఏసుపాదంగారి ఆటోలో పామర్రు ఆసుపత్రికి తీసుకెళ్తన్నామండి."

అక్కడ గ్లూకోజు ఎక్కించి, నూట ఎనిమిది అంబులెన్సులో విజయవాడ పంపారు. మేం ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉన్నాం. స్ట్రెచర్ దింపుతుంటే తల దగ్గర శౌరమ్మ, కాళ్ళ దగ్గర ఖాకీ చొక్కాలో ఏసుపాదం. పేట చర్చిలో ఉపదేశి ఆయన. ఫాదరుగారు లేని రోజుల్లో ప్రార్థన చెప్పించి, మిగతా వేళల్లో ఆటో నడుపుతాడు. ఆయన్ని చూడగానే పవన్ మొహం మారిపోయింది.

"షుగర్ ఇరవై ఎనిమిది ఉందట అక్కడ చూసినప్పుడు. పొద్దున ఏం తిన్నారు?" అనడిగింది డ్యూటీ డాక్టరు.

"మూడు ఇడ్లీలు" అన్నాను నేను.

శౌరమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తినలేదండి. ఆ ఇడ్లీలు నాకు గిన్నెలో పెట్టిచ్చారండి. శుక్రవారం శుక్రవారం పెడతారండి. మిగిలినయ్యేమో అనుకున్నానండి" అంది.

శుక్రవారం శుక్రవారం. యాభై ఎనిమిది, అరవై రెండు, యాభై ఒకటి, అన్నీ శుక్రవారాలే. ఆవిడ ఖాళీ కడుపుతో ఉంటే నా చేతులతో నేనే సూది గుచ్చి, తిన్నారా అని అడిగి, తిన్నానంటే నమ్మాను.

ఆ రోజంతా అత్తయ్య కళ్ళు తెరవలేదు. షుగర్ పెరిగింది గానీ మెదడు ఎంతసేపు ఆకలితో ఉందో తెలియదన్నారు. లేస్తే మనుషుల్ని గుర్తుపడుతుందో లేదో చెప్పలేమన్నారు. సాయంత్రానికి రాఘవ బావగారు మరో ముగ్గురితో వచ్చారు. అప్పటికే గ్రూపులో వచ్చేసింది. ఏసుపాదం ఆటోలో అత్తయ్య పడి ఉన్న ఫోటో, కింద రాత. మందులు మాన్పించి, నలభై రోజులు పస్తులు పెట్టి, మన ఆడపడుచును చంపబోయారని.

ఏసుపాదం మెట్ల దగ్గర నిలబడే ఉన్నాడు. వాళ్ళు చుట్టుముట్టారు.

"ఉపవాసం ఉండమని చెప్పావా లేదా?"

"విభూది బుధవారం నాడు ఫాదరుగారు సువార్త చదివి శుక్రవారం ఉపవాసాల గురించి చెప్పిన మాట నిజమేనండి. పూజ అయ్యాక ఆఖర్న ప్రకటనలు నేనే చదివాను. జబ్బుమనుషులకు, పెద్దవయసు వాళ్ళకు ఉపవాసం లేదని, వాళ్ళు అస్సలు ఉండకూడదని రెండుసార్లు చెప్పానండి. అమ్మగారు అప్పటికే వెళ్ళిపోయారు. అబ్బాయిగారు ఇంటికొచ్చే వేళవుతుందని విభూది పెట్టించుకోగానే లేచెళ్ళారండి. తర్వాత మళ్ళీ రాలేదు. వస్తే చెప్పకపోదునా?"

"కథలు చెప్పకు" అన్నారు బావగారు. ఒకతను కాలరు పట్టుకున్నాడు. పవన్ చూస్తూ ఊరుకున్నాడు. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. అయినా నేనూ ఊరుకున్నాను. సెక్యూరిటీ వచ్చి విడిపించాడు.

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య కళ్ళు తెరిచింది. నన్ను చూసి "జానకీ" అంది. జానకి ఆవిడ చెల్లెలు, చనిపోయి పన్నెండేళ్ళయింది. నేను బయటికి వెళ్ళి ఏడ్చాను. ఆదివారం పొద్దున మంచినీళ్ళు పడుతుంటే, "చేతికి గాజులు తీసేశావేంటే భానూ?" అంది. ఐసీయూలోకి గాజులు వద్దన్నారని చెప్పి గ్లాసు మళ్ళీ నోటికందించాను.

కాసేపయ్యాక మెల్లగా అడిగాను. "ఎందుకు చేశారత్తయ్యా?"

"వాడు నామీద కోపంతో రెండు పూటలు మానేశాడుగా. నేను వాడి కోపం పోవాలని మానేశా. గుడికి వెళ్ళనని ఒట్టేశా గానీ తిండి సంగతి ఒట్టులో లేదుగా."

"నాతో చెప్తే సూది వెయ్యకపోదునుగా."

"ఉపవాసం ఉంటే నలుగురికీ తెలిసేట్టు మొహం వేలాడెయ్యకూడదంట. తలకి నూనె రాసుకుని, మొహం కడుక్కుని మామూలుగా ఉండాలంట. దేవుడికి తప్ప ఎవరికీ తెలియకూడదని ఆ రోజు చదివారు." ఆవిడ కళ్ళు మూసుకుంది. "నీకు తెలిస్తే వాడికి తెలుస్తదిగా."

ఇంత తిట్టు నన్ను ఎవరూ తిట్టలేదు. ఆవిడ తిట్టాననుకోలేదు కూడా. గొప్పలకు పోవద్దని చెప్పిన మాటను, ఆవిడ మా ఇద్దరికీ దడిచి దాచుకోవడానికి వాడుకుంది. సగం విని వచ్చింది. మిగతా సగం వినడానికి మేం వెళ్ళనివ్వలేదు.

సోమవారం రాఘవ బావగారు కాగితం తెచ్చారు. పోలీసులకు ఫిర్యాదు. ఏసుపాదం మాయమాటలు చెప్పి, ఇన్సులిన్ మాన్పించి, పస్తులుంచాడని టైపు చేసి ఉంది. కింద పవన్ పేరు. సాక్షిగా నా పేరు. ఇదయ్యాక ఆ చర్చికి తాళం వేయించే సంగతి చూస్తామన్నారు. క్యాంటీన్ బల్ల మీద పెన్ను పెట్టారు.

"ఇన్సులిన్ మానలేదు బావగారూ. నేనే వేశాను" అన్నాను.

"అట్లాంటి చిన్న చిన్న తేడాలు స్టేషన్లో చూసుకుంటార్లేమ్మా."

"చిన్న తేడా కాదండీ. ఆవిడ పడిపోయింది దానివల్లే."

"భానూ, పెట్టు" అన్నాడు పవన్. మూడు రోజుల గడ్డం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవర్నో ఒకర్ని పట్టుకుని కొట్టకపోతే నిలబడలేని స్థితిలో ఉన్నాడు. జాలేసింది నాకు. అయినా పెన్ను ముట్టుకోలేదు.

"ఉపవాసం ఆవిడ గుడిలో విందేమో. దాచుకోవడం మనింట్లోనే నేర్చుకుంది. విభూది సంగతి మీకు మోసింది నేను. ఒట్టు వేయించుకుంది మీరు. ఆ రెండూ కూడా ఇందులో రాయించండి, సంతకం పెడతాను."

బావగారు నన్ను ఎగాదిగా చూసి, "ఆడవాళ్ళతో సంప్రదిస్తే ఇలాగే ఉంటది తమ్ముడూ" అన్నారు. పవన్ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చించలేదు, ఇచ్చెయ్యలేదు. ఆ జేబు వైపు చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు.

మంగళవారం ఇంటికి తెచ్చాం. డోసు పద్నాలుగు చేశారు. మూడు రోజులు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పవన్ రోజూ చొక్కా మార్చినప్పుడల్లా ఆ కాగితం కొత్త జేబులోకి మారేది. శౌరమ్మ పనికి వస్తూనే ఉంది గానీ వంచిన తల ఎత్తేది కాదు.

శుక్రవారం వచ్చింది. గుడ్‌ఫ్రైడే. పవన్ కొట్టుకు బయల్దేరలేదు. వంటింట్లోకి వచ్చి తల్లి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను సూదిలోకి మందు ఎక్కించి పట్టుకున్నాను.

"అమ్మా, ఇవాళ తింటావా?" అనడిగాడు.

"తింటాన్రా. ఎందుకు తినను?"

ఆవిడ అంత చప్పున అనేసరికి నాకు అనుమానమొచ్చింది. ఆరు శుక్రవారాలు నాతో చెప్పింది ఇదే గొంతుతో. నిజమో కాదో నాకు తెలియలేదు. చేతిలో సూది ఉంది, దాన్ని వెయ్యాలో వద్దో తెలియలేదు. బల్ల మీద పెట్టేశాను. "మీరు నిజం చెప్పేదాకా వెయ్యనత్తయ్యా" అన్నాను.

"చెప్పమ్మా. నేనేం అనను" అన్నాడు పవన్.

అత్తయ్య అతని వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఇడ్లీల మీద ఆవిరి కూడా తగ్గిపోయింది.

"ఏసు ప్రభువు ప్రాణం విడిచిన వేళంట, మూడు గంటల దాకా తినకుండా ఉందామనుకున్నా. ఈ ఒక్క రోజేరా" అంది చివరికి, ఎవరో కొట్టబోతున్నట్టు భుజాలు దగ్గరకు తీసుకుని.

పవన్ చెయ్యి జేబులోకి వెళ్ళింది. కాగితం తీస్తాడనుకున్నాను. ఫోను తీశాడు.

"డాక్టరుగారూ, పామర్రు దగ్గర్నించి పవన్‌కుమార్‌నండి. మొన్న షుగర్ పడిపోయిందే, శివపార్వతిగారు, వాళ్ళబ్బాయిని. ఇవాళ గుడ్‌ఫ్రైడే కదండీ. మా అమ్మ ఉపవాసం ఉంటానంటంది. ఏం చెయ్యమంటారు?"

డాక్టరుగారి కేకలు నాకు ఇవతలికి వినపడ్డాయి. ఉపవాసం మాటే ఎత్తొద్దని, ఆమెకు అలాంటిది కుదరనే కుదరదని, ముందు తినిపించమని. "సరేనండి. మరి మధ్యాహ్నం ప్రార్థనకి వెళ్ళి కూర్చోవచ్చాండి? ఎండ తగలకుండా నేను తీసుకెళ్తాను" అన్నాడు పవన్.

కిటికీ తెరిచే ఉంది. గోడ అవతల రాఘవ బావగారు వేపపుల్ల నములుతూ కుళాయి దగ్గర నిలబడి ఉన్నారు. అత్తయ్య ఇడ్లీ ముక్క తుంచి చేత్తో పట్టుకుని కిటికీ వైపు చూసింది.

"మెల్లగా మాట్లాడరా. వాళ్ళకి వినపడతది" అంది.

పవన్ మెల్లగా మాట్లాడలేదు.